తాతయ్య అంబాసిడర్... షెడ్డులో 22 నెలలు!

రీల్స్‌లో చూస్తే పాత కారుని రీస్టోర్ చేయడం 30 సెకన్ల పని. మొదటి షాట్‌లో తుప్పు పట్టిన డొక్కు బండి. మ్యూజిక్ మారగానే తళతళలాడుతూ పెళ్లికూతురిలా అదే బండి! మధ్యలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూపించరు. ఆ మధ్యలో జరిగేదాన్నే నేను 22 నెలలు చూశాను. ఇంట్లో తాతయ్య అంబాసిడరో, నాన్న ఫియట్టో మూలన పడి ఉంటే, 'దీన్ని ఎలాగైనా మళ్లీ రోడ్డెక్కించాలి' అని మీకూ అనిపిస్తుంటే ఇది మీకోసమే. షాపు పేరు మాత్రం రాయట్లేదు. ఎందుకంటే పేరు మారినా కథ మారదు. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరిని అడిగినా ఇలాంటిదే ఇంకొకటి చెబుతారు.

మిల్లు షెడ్డులో నిద్రపోయిన కారు

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తాతయ్యకి చిన్న రైస్ మిల్లు ఉండేది. 1971లో ఆయన అంబాసిడర్ మార్క్ 2 కొన్నారు. ఇప్పట్లా యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చే రోజులు కావవి. డబ్బు కట్టి, నెంబరు కోసం ఏళ్లకేళ్లు ఎదురు చూసేవాళ్లు. ఊళ్లో పెళ్లికొడుకు ఊరేగాలన్నా, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొచ్చినా మా కారే కదిలేది. నాయనమ్మ ఇప్పటికీ తేదీలు కారుతోనే గుర్తుపెట్టుకుంటుంది. 'మీ మేనత్త పుట్టింది కారు కొన్న మరుసటేడు' అన్నట్టుగా!

తాతయ్య పోయాక ఆ బండి మిల్లు షెడ్డులో టార్పాలిన్ కింద 18 ఏళ్లు ఉండిపోయింది. దాన్ని బయటికి తీద్దామన్న ఆలోచన నాకు రావడానికి ఒక రూల్ కారణం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటిసారి రిజిస్టర్ అయి 50 ఏళ్లు దాటిన కార్లు, బైకులు దానికి అర్హం. కొత్తగా నెంబరు తీసుకునే బండికి 'వీఏ' సిరీస్ వస్తుంది. ఇప్పటికే నెంబరున్న బండి పాత నెంబరునే ఉంచుకోవచ్చు. ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వెళ్లడానికో, కిరాయికి తిప్పడానికో పనికిరాదు. ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, రిపేర్లు, పెట్రోలు లాంటి వాటికే. మాకు అది చాలు. తాతయ్య నెంబరు తాతయ్య బండికే ఉంటుంది.

కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. బాడీ, ఛాసిస్, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కథ మొత్తం దీనిమీదే తిరుగుతుంది.

రాతకోతలతోనే మొదలైంది

ఉద్యోగం హైదరాబాద్‌లో కాబట్టి అక్కడే నాలుగు షాపులు తిరిగాను. నగర శివార్లలోని ఒక షెడ్డు నచ్చింది. లోపల రెండు అంబాసిడర్లు, ఒక ఫియట్, ఒక పాత జీపు. ఓనర్ నలభై దాటినాయన. మాట మెత్తన. 'అన్నా, ఇది బండి కాదు, మీ తాతగారి జ్ఞాపకం. ఆ రెస్పెక్ట్‌తోనే చేస్తాం' అన్నాడు.

మాట బాగుందని అక్కడితో ఆగలేదు నేను. ఎస్టిమేట్ విడివిడిగా రాయించాను. టింకరింగ్, పెయింట్ కలిపి 2.6 లక్షలు. ఇంజిన్ పని 1.1 లక్షలు. సీట్లు, వైరింగ్ 90 వేలు. క్రోమ్ 60 వేలు. బ్రేకులు, సస్పెన్షన్ 60 వేలు. మొత్తం 5.8 లక్షలు, గడువు 8 నెలలు. కింద ఇంజిన్ నెంబరు, ఛాసిస్ నెంబరు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. 2023 జనవరిలో లారీ మీద బండి హైదరాబాద్ చేరింది.

మొదటి మూడు నెలలు స్వర్గమే. రోజూ వాట్సాప్‌లో ఫొటోలు! అంబాసిడర్‌కి మూలం ఇంగ్లాండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు. దానికి లారీలా విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అంటే కింద ఫ్లోరు, డోర్ల కింది పట్టీలు తుప్పు పడితే అది అందం సమస్య కాదు, ఎముకలు విరిగినట్టే. ఆ తుప్పు రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ఎర్ర ప్రైమర్ కొట్టిన ఫొటోలు చూసి నాన్న ఊరంతా ఫార్వర్డ్ చేశారు. అడ్వాన్స్ 1.5 లక్షలు, టింకరింగ్ సగమయ్యాక 1.3 లక్షలు, ఇంజిన్ విప్పాక లక్ష. జూన్ నాటికి 3.8 లక్షలు ఇచ్చాం.

ఆ తర్వాత ఫొటోలు ఆగిపోయాయి.

'నెక్స్ట్ వీక్ అన్నా'

కారణాల కొరత ఎప్పుడూ రాలేదు. వాన పడుతోంది, ఇప్పుడు పెయింట్ కొడితే పొంగుతుంది. నిజమే, తేమలో పెయింట్ కొట్టకూడదు. పెయింటర్ బిహార్ వెళ్లాడు. క్రోమ్ వాడి దగ్గర క్యూ ఉంది. దసరా. దీపావళి. అయ్యప్ప మాల. సంక్రాంతి. 'నెక్స్ట్ వీక్ అన్నా, పక్కా' అన్న మెసేజ్ నా ఫోన్‌లో సెర్చ్ చేస్తే 31 సార్లు వచ్చింది.

డిసెంబర్‌లో చెప్పకుండా వెళ్లాను. బండి అదే మూలన, అదే ఎర్ర ప్రైమర్‌తో ఉంది. ప్రైమర్ మీద పైపూత లేకుండా నెలల తరబడి వదిలేస్తే తేమ లోపలికి దిగి కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది. డోర్ అంచుల్లో అప్పటికే మొదలైంది కూడా. బానెట్ ఎత్తితే లోపల ఖాళీ. ఇంజిన్ లేదు.

'లేత్‌కి వెళ్లిందన్నా. బోరింగ్ చేయాలి కదా' అన్నాడు ఓనర్.

మార్చిలో మళ్లీ వెళ్లినా 'లేత్‌లోనే' అన్నాడు. ఏ లేత్ అని అడిగితే పేరు చెప్పాడు. నేను అక్కడికే బండి తిప్పాను. ఆ లేత్ ఆయన రిజిస్టర్ తీసి చూసి, 'అంబాసిడర్ బ్లాక్ మా దగ్గరికి ఆర్నెల్లుగా రాలేదు బాబూ' అన్నాడు.

అసలు సంగతి చెప్పింది ఆ షెడ్డులోనే టింకరింగ్ చేసే పెద్దాయన. అందరూ ఆయన్ని చాచా అంటారు. మా బండి ఫ్లోరు వేసింది ఆయనే. టీ బంక్ దగ్గర పక్కకి పిలిచి, 'బేటా, నీ ఇంజిన్ ఎక్కడికీ పోలేదు. ఆ నల్ల అంబాసిడర్‌లో ఉంది చూస్కో. దాన్ని సినిమా షూటింగులకి కిరాయికి పంపుతుండు. నాకూ రెండు నెలల కూలి బాకీ' అన్నారు.

ఫోన్‌లో ఆర్సీ ఫొటో తెరిచి, నల్ల కారు బానెట్ కిందికి టార్చ్ కొట్టాను. బ్లాక్ మీద నెంబరు అంకె అంకె కలిసింది. ఫొటోలు, వీడియో తీసుకుని మాట్లాడకుండా బయటికి వచ్చేశాను. అప్పుడు గొడవ పడి ఉంటే ఆ ఇంజిన్ మర్నాటికి ఇంకెక్కడో తేలేది. మా ఇంజిన్ పోతే వింటేజ్ రిజిస్ట్రేషన్ పోయినట్టే. ఆర్సీలో ఒక నెంబరు, బండిలో ఒక నెంబరు అయితే ఏ ఆర్టీఓ సంతకం పెడతాడు?

ఇలా ఎందుకు జరుగుతుంది?

కోపం తగ్గాక నేను చాలామందితో మాట్లాడాను. పాత పార్టులు అమ్మేవాళ్లు, టింకర్లు, నాలాంటి బాధితులు. అందరి మాటలూ కలిపితే ఒక లెక్క తేలింది.

పాత కారుని విప్పేదాకా లోపల ఎంత తుప్పు ఉందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఎస్టిమేట్ ఎప్పుడూ ఊహే. కస్టమర్ పారిపోతాడని తక్కువ చెబుతారు. సగం పనికే డబ్బులైపోతాయి. అప్పుడు కొత్త కస్టమర్ అడ్వాన్స్‌తో పాత కస్టమర్ బండి పని నడుపుతారు. కొత్త వాడు రాకపోతే అందరి బండ్లూ ఆగిపోతాయి. పైగా యాక్సిడెంట్ బండి వస్తే వారంలో ఇన్సూరెన్స్ డబ్బు చేతికొస్తుంది. మనది నెలల తరబడి పని. ముందు దేనికి సుత్తి పడుతుందో మీరే చెప్పండి. దానికి తోడు రేకుని చేత్తో కొట్టి ఒంపు తెచ్చే చాచా లాంటివాళ్లు తగ్గిపోయారు. వాళ్లకి కూలి సరిగా అందకపోతే ఇంకో షెడ్డుకి వెళ్లిపోతారు.

అంటే ప్రతి ఓనరూ మొదటి రోజే మోసం చేద్దామని కూర్చోడు. కానీ ఇరుక్కున్నాక నిజం చెప్పకుండా, మన పార్టు తీసి ఇంకో బండికి బిగిస్తే దాన్ని కష్టం అనం. మోసమే అంటాం.

అక్క చెప్పిన వజ్రం కథ

మా పెదనాన్న కూతురు లాయరు. అన్నీ చదివి అక్క అడిగిన మొదటి ప్రశ్న: 'నీకు ఏం కావాలి? డబ్బా, బండా, వాడికి బుద్ధి రావడమా? మూడూ ఒకేసారి అడిగితే మూడూ ఆలస్యమవుతాయి'.

నాకు బండి కావాలి, అదీ దాని ఇంజిన్‌తో. మిగతావన్నీ తర్వాత.

రిజిస్టర్డ్ పోస్ట్‌లో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు వెళ్లింది. ఏ తేదీన ఎంత ఇచ్చాం, ఏ పని అయింది, ఏది కాలేదు, ఇంజిన్ ఎక్కడ ఉంది అన్నీ రాసి, 15 రోజుల్లో బండి అప్పగించమన్నాం. జవాబు వాట్సాప్‌లో వచ్చింది. 'బ్యాలెన్స్ 2 లక్షలు, పార్కింగ్ రోజుకి 300. కట్టి తీసుకెళ్లు.'

నిజంగా మెకానిక్‌కి బండి ఆపేసే హక్కు ఉందా? ఉంది, కానీ హద్దు ఉంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 170 దీని గురించే. అందులోని ఉదాహరణని అక్క ఇలా చెప్పింది. నువ్వు ముడి వజ్రాన్ని సాన పట్టమని ఇచ్చావు. అతను సాన పట్టాడు. కూలి ఇచ్చేదాకా వజ్రం తన దగ్గర ఉంచుకోవచ్చు. కానీ సాన పట్టాలి కదా! చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసమే ఆ హక్కు. ముందు ఒప్పుకోని పార్కింగ్ ఛార్జీ అందులోకి రాదన్నది అక్క వాదన. ఇంకోటి, మనం ఒక పనికి ఇచ్చిన వస్తువుని మనం చెప్పని పనికి వాడితే దానికి జరిగే నష్టానికి వాళ్లే బాధ్యులని సెక్షన్ 154 చెబుతుంది. షూటింగుకి పోయిన మా ఇంజిన్ సంగతి అదే.

పోలీస్ స్టేషన్‌కీ వెళ్లాం. 'ఇది సివిల్ మ్యాటర్ బాబూ' అన్నారు. అయినా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు రాయించుకున్నాం. ఇంజిన్ నెంబరు ఆ కాగితం మీదికి ఎక్కింది. ఇక దాన్ని అమ్మేయడం అంత తేలిక కాదు.

ఎంత పని అయిందన్నది మా మాట, ఆయన మాట కాకుండా మూడో మనిషి చెప్పాలి. వాహనాల సర్వేయర్‌గా పనిచేసే ఒకాయన్ని తీసుకెళ్లాం. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ అంతా తిప్పారు. మంచి రేకుకి టక్కున అంటుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. చాచా వేసిన ఫ్లోరు గట్టిగా ఉంది. వెనక ఫెండర్లలో మాత్రం తుప్పు మీదే పుట్టీ పూసేశారు. అయిన పని విలువ 2.1 లక్షలని రిపోర్టు ఇచ్చారు. మేం కట్టింది 3.8 లక్షలు. అంటే బాకీ మాది కాదు, ఆయనదే.

లాయరు లేకపోయినా వేయొచ్చు

ముందు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేశాం. కంప్లైంట్ నెంబరు వచ్చింది కానీ షాపు స్పందించలేదు. 2024 జులైలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేశాం. అప్పుడు ఈ-దాఖిల్ పోర్టల్ ఉండేది, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి వచ్చింది.

చాలామందికి తెలియని సంగతులు కొన్ని. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల్లోపు ఉంటే ఫీజు సున్నా. 50 లక్షల వరకూ జిల్లా కమిషనే చూస్తుంది. షాపు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే ఊళ్లో వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. అందుకే 'నెక్స్ట్ వీక్' అనే మాటలో ఇంకో ప్రమాదం ఉంది. అది వింటూ కూర్చుంటే గడువు కరిగిపోతుంది.

మొదటి విచారణ తర్వాత ఇద్దరి ఒప్పుకోలుతో మీడియేషన్‌కి పంపారు. మేం టేబుల్ మీద పెట్టినవి సంతకాలున్న ఎస్టిమేట్, యూపీఐ స్క్రీన్‌షాట్లు, ఇంజిన్ నెంబరు వీడియో, సర్వేయర్ రిపోర్టు, 31 'నెక్స్ట్ వీక్'లు. ఓనర్ అరగంట కారణాలు చెప్పాడు. వీడియో ప్లే అయ్యాక గొంతు తగ్గింది. ఒప్పందం కుదిరింది. ఇంజిన్‌ని మా ముందే దించి మా బండిలో పెట్టాలి. విడి పార్టులన్నీ లిస్టు ప్రకారం ఇవ్వాలి. 1.2 లక్షలు రెండు విడతల్లో తిరిగివ్వాలి. సర్వేయర్ లెక్క ప్రకారం ఇంకో 50 వేలు రావాలి. అది వదులుకున్నాం. దాని కోసం ఇంకో ఏడాది తిరిగే ఓపిక నాకుంది కానీ, ఇంట్లో 83 ఏళ్ల మనిషి ఉంది.

2024 నవంబర్‌లో బండి లారీ ఎక్కింది. ఆ రోజు చాచా వచ్చి డోర్ హ్యాండిళ్లు, గ్రిల్లు క్లిప్పులు ఒక గుడ్డసంచిలో కట్టి ఇచ్చారు. 'ఇవి దొరకవు బేటా, పక్కన దాచిన' అన్నారు.

విజయవాడలో మిగతా సగం

ఈసారి ఒకే షాపుకి మొత్తం అప్పగించలేదు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింట్ ఒకచోట, ఇంజిన్ ఇంకోచోట, సీట్లు మరోచోట చేయించాం. ఇంజిన్ 1489 సీసీది. పాతదే అయినా బ్లాక్ బాగుంది. బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశారు. మార్క్ 2 గ్రిల్లు ముక్కలు, బంపర్ బ్రాకెట్లు చెన్నై పుదుపేటలో దొరికాయి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కదా, పార్టులకేం అనుకుంటాం. కానీ తర్వాతి మోడళ్ల ముందుభాగం, డ్యాష్‌బోర్డు వేరు. ఈ బండికి ఈ బండివే కావాలి.

ఏడు నెలలు పట్టింది, 3.4 లక్షలైంది. తిరిగొచ్చిన డబ్బు తీసేస్తే మొత్తం ఖర్చు 6 లక్షలు. లారీలు, నోటీసు, సర్వేయర్ ఫీజు కలిపి ఇంకో 30 వేలు. డబ్బు పరంగా పెద్దగా మునగలేదు. పోయింది కాలమే.

బండి హైదరాబాద్ వెళ్లేనాటికి నాయనమ్మ ఊళ్లో గుడిదాకా నడిచేది. తిరిగొచ్చేసరికి మోకాళ్లు పోయి కుర్చీకి పరిమితమైంది. మిల్లు ఆవరణలో కారు ఆపి డోర్ తీశాం. ఇప్పటి కార్లలా కిందికి కూర్చోవాల్సిన పనిలేదు. అంబాసిడర్ సీటు ఎత్తుగా, డోరు వెడల్పుగా ఉంటుంది. నాన్న, నేను చెరో చెయ్యి పట్టుకుంటే వెనక ఎడమవైపు ఎక్కింది. తన చోటు అదేనట. రిజిస్ట్రేషన్ ఫైలు ఇంకా ఆర్టీఓ దగ్గర ఉంది కాబట్టి రోడ్డెక్కలేదు, మిల్లు చుట్టూ రెండు రౌండ్లు వేశాం. 'హారన్ మాత్రం అది కాదురా' అంది. నిజమే, హారన్ ఒక్కటే కొత్తది.

మీ బండి ఇచ్చే ముందు...

* ఎస్టిమేట్ పనివారీగా రాయించండి. గడువు, ఆలస్యమైతే ఏం చేయాలో, పార్కింగ్ ఛార్జీ ఉంటుందో లేదో అందులోనే ఉండాలి.

* డబ్బు తేదీని బట్టి కాదు, అయిన పనిని బట్టి ఇవ్వండి. కళ్లతో చూశాకే తర్వాతి విడత. నగదు వద్దు, యూపీఐ లేదా బ్యాంకు.

* ఇంజిన్, ఛాసిస్ నెంబర్లు, గ్రిల్లు, మీటర్లు, హ్యాండిళ్లు, అద్దాలు అన్నీ వీడియో తీసి, లిస్టు రాసి సంతకం పెట్టించండి.

* షాపులో మెరిసే కార్లు చూసి మురిసిపోకండి. ప్రైమర్‌లో ఆగిపోయిన బండ్లెన్నో లెక్కపెట్టండి. వాటి ఓనర్లలో ఇద్దరితో మాట్లాడించమనండి.

* ఏ పార్టు బయటికి వెళ్లినా ఎక్కడికి, ఎప్పుడు, ఎవరి దగ్గరికి అన్నది మెసేజ్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పింది గాల్లో కలిసిపోతుంది.

* నెలకోసారైనా చెప్పకుండా వెళ్లండి. వెళ్లినప్పుడు పనివాళ్లతో కలిసి టీ తాగండి. వాళ్లకి కూలి అందుతోందో లేదో తెలిస్తే మీ బండి భవిష్యత్తు తెలిసినట్టే.

* గొడవైతే అరవకండి, ఫొటో తీయండి. నోటీసు, 1915, కన్స్యూమర్ కమిషన్ వరసగా వెళ్లండి. రెండేళ్ల గడువు మర్చిపోవద్దు.

కాగితాలు ఉన్నంత మాత్రాన మోసం జరగదని కాదు. నా దగ్గర అన్నీ ఉన్నా జరిగింది. కానీ ఆ కాగితాలే లేకపోతే తాతయ్య ఇంజిన్ ఈపాటికి ఏ నల్ల కారులోనో, ఏ సినిమాలోనో తిరుగుతూ ఉండేది.